మామిడి కొమ్మకు జిగురు కారుతోంది, ఉద్యోగం మానేయనా?

ప్రశ్న:

మేడం, మాది బోడుప్పల్. వయసు 32. నాన్న వడ్రంగి. నేను ఒక ఇంటీరియర్ కంపెనీలో సైట్ సూపర్‌వైజర్‌ని, జీతం 38 వేలు. పోయినేడు మా సారు స్నేహితుడొకరు మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లో మామిడి చెట్టు మీద చిన్న ఇల్లు కట్టించుకున్నారు. పది అడుగులకు పది అడుగులు. ఆదివారాలు, పండగ సెలవులు చూసుకుని నేను, నాన్న, ఇద్దరు కుర్రాళ్లు కలిసి కట్టాం. 2 లక్షల 80 వేలు తీసుకుంటే ఖర్చులు పోను 22 వేలు మిగిలాయి. దాని వీడియో బాగా తిరిగింది. ఇప్పుడు మూడు చోట్ల నుంచి అడుగుతున్నారు. శంకర్‌పల్లిలో ఒక జంట వేపచెట్టు మీద కట్టమంటున్నారు, కొంపల్లిలో ఒక స్కూలు వాళ్లు గుల్‌మొహర్ మీద, వికారాబాద్ దగ్గర ఒక రిసార్టు వాళ్లు ఏకంగా నాలుగు. రిసార్టు ఓనరు బావమరిది రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఉద్యోగం మానేసి ఇందులోనే దిగాలని ఉంది. మా ఆవిడ ఒక్క ఏడాది ఆగమంటోంది. మామగారైతే "చెట్లెక్కేవాడికా పిల్లనిచ్చింది" అంటున్నారు. దీంతో ఇల్లు గడుస్తుందా? ఎంత తీసుకోవాలి? ఇంకొకటి. మొయినాబాద్ చెట్టుకు మేం మేకులు దిగ్గొట్టిన కొమ్మ దగ్గర జిగురు కారుతోందని, ఇల్లు కాస్త ఒరిగినట్టుందని ఓనరు ఫొటో పంపారు. ఏదైనా పూయాలా?

జవాబు:

"ఇంకొకటి" అని చివర్లో తగిలించారు చూశారా, ముందు దాని సంగతి తేలాలి. మిగతావన్నీ తర్వాత.

ఈ ఉత్తరం చదవడం పూర్తికాకముందే మొయినాబాద్‌కు ఫోన్ చేయండి. ఆ ఇంటి మీదకు ఎవరినీ ఎక్కనివ్వొద్దని, నిచ్చెన తీసి పక్కన పడుకోబెట్టమని చెప్పండి. కింద ఉయ్యాలో, మంచమో వేసి ఉంటే అదీ తీయించండి. ఈ ఆదివారం మీరు వెళ్లి, ఇల్లు బరువు కొమ్మ మీద నుంచి దిగేలా కింద నాలుగు తాత్కాలిక ఆనింపులు పెట్టండి. సెంట్రింగ్ పనికి వాడే ఇనుప జాకీలు చాలు. తర్వాత తీరిగ్గా నాలుగు ఇనుప స్తంభాలు పాతి ఇంటిని వాటి మీదకు మార్చాలి. ఇది మీ ఖర్చే. ఆ 22 వేలూ పోతాయి, ఇంకొంచెం చేతి నుంచి కూడా పడుతుంది. పడనివ్వండి.

స్తంభాలకు గుంతలు తీసేటప్పుడు జేసీబీ పిలవొద్దు. చెట్టు వేళ్లలో ఎక్కువ భాగం పై రెండు అడుగుల మట్టిలోనే, కొమ్మల నీడ పడేంత మేరా, దాన్ని దాటి కూడా పరుచుకుని ఉంటాయి. గడ్డపారతో చేత్తో తవ్వించండి. మణికట్టంత లావు వేరు తగిలితే గుంతను పక్కకు జరపండి. వేరు నరకొద్దు.

ఏం పూయాలన్నారు. సిమెంటు, తారు, పెయింటు మాత్రం వద్దు. కొమ్మలోకి బాగా దిగిన మేకుల్ని ఇప్పుడు పీకడమూ వద్దు, కొత్త గాయాలవుతాయి. మామిడికి జిగురు కారడం గాయం వల్ల కావొచ్చు, శిలీంధ్రం వల్ల కావొచ్చు, కాండం తొలిచే పురుగు కూడా అయ్యుండొచ్చు. అక్కడి ఉద్యాన అధికారికి చూపించండి. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు రాయమంటారో, పురుగు మందు చెబుతారో ఆయన చెప్పింది చేయండి.

ఇక ఆ కొమ్మకు అసలేమైందో చెప్తాను. మీరు ఈ పనిలో ఉండాలనుకుంటే నేర్చుకోవాల్సిన మొదటి పాఠం అదే. మనిషి చర్మం చీలితే పాత కణాల చోట కొత్తవి వచ్చి మానుతుంది. చెట్టుకు ఆ గుణం లేదు. దెబ్బ తగిలిన చోటును అది లోపలి నుంచి గోడ కట్టి వేరు చేసేసి, దాని మీదుగా కొత్త కలప పెంచుకుంటూ పోతుంది. దెబ్బతిన్న కలప లోపల అలాగే ఉండిపోతుంది. అలెక్స్ షైగో అనే అమెరికా అటవీ శాఖ శాస్త్రవేత్త వేల చెట్లను నిలువునా కోసి చూసి, 1970లలో ఈ సంగతి తేల్చాడు. గాయాలకు మందు పూస్తే కుళ్లు ఆగదని కూడా చూపించాడు. దీన్నిబట్టి మీ పనికి వచ్చే లెక్క ఏమిటంటే, జానెడు చోట ఇరవై మేకులు కొట్టడం కన్నా ఒకే ఒక్క లావుపాటి బోల్టు దించడం చెట్టుకు మేలు. ఇరవై మేకుల చుట్టూ ఇరవై చోట్ల గోడలు లేస్తాయి. అవి ఒకదానితో ఒకటి కలిసిపోయి ఆ భాగమంతా చచ్చు కలప అవుతుంది. బరువు మోస్తున్నది అదే భాగం. అందుకే ఒరిగింది.

మేకులు వద్దని తాడుతోనో, ఇనుప తీగతోనో బిగించి కట్టేవాళ్లున్నారు. అది ఇంకా చెడ్డది. చెట్టు ఆకుల్లో తయారైన ఆహారం బెరడు లోపలి పొర గుండానే వేళ్లకు దిగుతుంది. మాను ఏటేటా లావెక్కుతుంటే కట్టు బిగుసుకుపోయి ఆ దారిని కోసేస్తుంది. అన్నట్టు, చాలామంది అడిగే ఇంకో అనుమానం ఉంది, చెట్టు పెరిగితే ఇల్లు కూడా పైకి పోతుందా అని. పోదు. చెట్టు కొసల్లో పొడుగు పెరుగుతుంది, మాను అడ్డంగా లావవుతుంది. పది అడుగుల ఎత్తున దించిన బోల్టు ముప్ఫై ఏళ్లకైనా పది అడుగుల దగ్గరే ఉంటుంది. కాకపోతే నేలబల్లకూ మానుకూ మధ్య ఖాళీ వదలకపోతే, మానే లావై బల్లల్ని నెట్టేస్తుంది.

ఈ పని కోసమే పుట్టిన బోల్టులున్నాయి. చెట్టులోకి దిగే భాగం ఒకటి, బెరడు దగ్గర కలపలోకి కూర్చునే లావుపాటి మెడ ఒకటి, బయట దూలాన్ని మోసే కమ్మీ ఒకటి. అమెరికాలోని ఓరెగాన్‌లో చెట్ల మీద బస నడిపే మైకేల్ గార్నియర్, ఆయన తోటి ఇంజినీర్లు, నిపుణులు కలిసి 1990లలో వీటికి రూపం తెచ్చారు. ఆయన పేరు మీదే గార్నియర్ లింబ్ అంటారు. అక్కడి అధికారులు అనుమతి ఇవ్వకపోతే, తన ఇల్లు ఎంత గట్టిదో చూడమని అరవై మందికి పైగా జనాన్ని ఒకేసారి ఎక్కించాడు. దయచేసి మీరు శంకర్‌పల్లిలో ఆ ప్రయోగం చేయకండి. బోల్టు దిగుమతి చేసుకుంటే ఖరీదెక్కువ. బాలానగర్‌లో లేత్ పని చేసేవాళ్లు ఫొటో చూపిస్తే రెండు రోజుల్లో అచ్చం అలాంటిదే చేసిస్తారు, నాకు తెలుసు. చూడ్డానికి ఒకేలా ఉంటుంది. ఏ రకం ఉక్కు, ఎంత బరువుకు వంగుతుంది, జింకు పూత వేడి తొట్టిలో ముంచి వేశారా లేక పైపైన పూశారా అన్నది ఫొటోలో కనిపించదు. స్ట్రక్చరల్ ఇంజినీరుతో డ్రాయింగ్ గీయించి, ఉక్కుకు పరీక్ష సర్టిఫికెట్ తీసుకున్నాకే లేత్ ఎక్కించండి.

ఇంజినీరు ఎందుకని మీ నాన్నగారు అడుగుతారేమో. ఆయన చేతి పని మీద నాకు అనుమానం లేదు, జొన్న చేలో మంచె కట్టిన తరం ఆయనది. కానీ మంచె మీద కూర్చునేది ఒక్కడు. పదికి పది గది అంటే వంద చదరపు అడుగులు. ఇంట్లో నేల మీద చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు పడుతుందని లెక్క వేయమంటుంది భారతీయ ప్రమాణం ఐఎస్ 875. అంటే మనుషులు, సామాన్లకే దాదాపు 1,900 కిలోలు. చెక్క, ఇనుము, పైకప్పు కలిపి ఇంకో టన్ను వేసుకోండి. మొత్తం మూడు టన్నులు. ఇక గాలి. అదే ప్రమాణం హైదరాబాద్‌కు ఇచ్చిన గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు 158 కిలోమీటర్ల విసురు. అంత గాలి రోజూ రాదు. కానీ ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట వచ్చే ఈదురుగాలికి మన ఊళ్లో చెట్లు ఎలా పడిపోతాయో మీరు ఏటా చూస్తూనే ఉన్నారు. ఆ గాలికి చెట్టు ఊగుతుంది, ఊగనివ్వాలి కూడా. రెండు చెట్ల మధ్య దూలం వేసి రెండు కొసలూ బిగించేశారంటే, చెట్లు చెరో వైపు ఊగినప్పుడు బోల్టు అయినా విరగాలి, దూలమైనా చీలాలి. ఒక కొస బిగించి, రెండో కొస జారేలా వదలాలి.

మన హైదరాబాద్ చుట్టుపక్కల ఇంకో చిక్కుంది. చాలా చోట్ల రెండు మూడు అడుగుల మొరం కిందే షీట్‌రాక్. వేరు లోతుకు పోలేక రాతి మీద పక్కలకు పాకుతుంది. పైన చూస్తే మహావృక్షం, కింద పట్టు తక్కువ. అదే చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు నల్లరేగడి ఉంటే వేరు సంగతి పర్వాలేదు గానీ మీ స్తంభాల పునాదికి తిప్పలు. ఎండాకాలం నోరు తెరుస్తుంది, వానాకాలం ఉబ్బుతుంది.

ఏ చెట్టు నమ్మొచ్చు? నన్నడిగితే మొదట చింత. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తినప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికి బయటపడ్డారని చెబుతారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఇంత చెప్పినా మీ కస్టమర్లలో సగం మంది చింతచెట్టు మీద పడుకోమంటే పడుకోరు. దెయ్యాల భయం! అత్తగారు ఊరు నుంచి వస్తే అసలే ఎక్కరు. ముదురు వేప, పాత నాటు మామిడి బాగుంటాయి. తోటల్లో వేసే అంటు మామిడి మాత్రం వేరే రకం. కిందనే చీలి, కొమ్మలు ఇరుకు కోణంలో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ లేస్తాయి, ఆ చీలిక దగ్గర బెరడు లోపలికి మడతపడి పట్టు ఉండదు. మీ మొయినాబాద్ చెట్టు అదేనని అనుమానం. మర్రి, రావి గట్టివే అయినా ఆ ఇంటి పెద్దవాళ్లు మేకు కూడా కొట్టనివ్వరు, వాళ్లతో వాదించకండి. గుల్‌మొహర్, పచ్చతురాయి, మునగ, నీలగిరి వైపు చూడొద్దు.

మంచి జాతి అయినంత మాత్రాన ఆ చెట్టు మంచిదని కాదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఏడు వందల ఏళ్ల మానని చెప్పుకుంటాం. 2017 డిసెంబరులో దాని పెద్ద కొమ్మ ఒకటి కూలింది. కారణం చెదలు. ఆ తర్వాత సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు, కొమ్మల కింద దిమ్మెలు కట్టారు. కాబట్టి చెట్టు దగ్గరకు వెళ్లగానే పైకి చూడకుండా మొదలు చూడండి. చెద మట్టి బాటలున్నాయా, మొదట్లో పుట్టగొడుగులు మొలిచాయా, ఒక పక్క నేల పగిలి లేచిందా? చెక్క సుత్తితో చుట్టూ కొట్టుకుంటూ రండి, డొల్ల ఉంటే చప్పుడు మారుతుంది. తేనెపట్టు, కోతుల రాకపోకలు కూడా రాసుకోండి. వికారాబాద్ వైపు కోతులు గడ్డి కప్పును వారంలో పీకి పారేస్తాయి.

ఇప్పుడు డబ్బు. మీకు 22 వేలు మిగల్లేదు. నాన్నగారు పాతిక రోజులు పని చేసి ఉంటే, రోజుకు వెయ్యి చొప్పున ఆయన కూలే పాతిక వేలు. మీ ఆదివారాలకు విలువ కట్టలేదు. ఇంజినీరు ఫీజు లేదు, ఇన్సూరెన్స్ లేదు. ఇప్పుడు మరమ్మతు. మీరు ఎదురు డబ్బిచ్చి ఇల్లు కట్టిపెట్టారు.

మీ జీతం ఏడాదికి 4 లక్షల 56 వేలు. ఈ పని ఏడాదంతా సాగదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, మధ్యలో ఆషాఢం, అప్పుడప్పుడు మూఢం. మనవాళ్లు అప్పుడు ముహూర్తం పెట్టరు. దసరా నుంచి మే దాకా ఎనిమిది నెలలు అనుకుంటే, ఒక్కోటి ఐదారు వారాలు పట్టినా ఐదు కట్టగలరు. మీ జీతం మీకు దక్కాలంటే ఒక్కో ఇంటి మీద, అందరి కూలీ పోను, 91 వేలు మిగలాలి. కష్టమే గానీ కుదరని లెక్క కాదు. నాలుగేసి లక్షలవి ఐదు కట్టారంటే రాబడి 20 లక్షలు. అది దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు, కట్టుబడి కాంట్రాక్టు మీద 18 శాతం. కొటేషన్ ఇచ్చే రోజునే ఆ సంగతి రాయకపోతే మీ లాభమంతా అందులోనే పోతుంది.

అసలు మీ బతుకుతెరువు కట్టడంలో లేదు, చూడడంలో ఉంది. చెట్టు చూడ్డానికి వెళ్లినందుకు డబ్బు తీసుకోండి. ఐదు వేలు అనండి. మానును కొలిచి, ఫొటోలు తీసి, ఈ చెట్టు పనికొస్తుందో రాదో రెండు పేజీల్లో రాసివ్వండి. పని మీకే ఇస్తే బిల్లులో తగ్గించండి. ఉచితంగా చూసేవాడికి చెట్టు బాగాలేదని చెప్పే ధైర్యం ఉండదు, ఆర్డరు పోతుందని. ఫీజు తీసుకున్నవాడు నిక్కచ్చిగా చెప్పగలడు. అలాగే కట్టిన ప్రతి ఇంటికీ ఏటా తనిఖీ ఒప్పందం పెట్టండి. వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి వెళ్లి బోల్టులు, మానుకూ బల్లకూ మధ్య ఖాళీ, చెదలు, ఎండు కొమ్మలు చూడాలి. ఏడాదికి పన్నెండు వేలు అనుకుంటే, పది ఇళ్లు అయ్యేసరికి లక్షా ఇరవై వేలు. అది మీ వానాకాలం జీతం. తనిఖీ వద్దన్న కస్టమరుకు ఇల్లు కట్టకండి. చెట్టు బతికున్న వస్తువు, దాని మీద ఇల్లు కట్టి చేతులు దులుపుకుని రావడం కుదరదు.

కాగితం మీద ఇంకో రెండు మాటలు ఉండాలి. ఉరుములు, ఈదురుగాలి మొదలైతే దిగిపోవాలని, ఒకేసారి ఎంతమంది ఎక్కొచ్చో అని. అవే మాటలు నిచ్చెన దగ్గర బోర్డు మీద కూడా. కుర్రాళ్లకు సేఫ్టీ బెల్టు, కార్మికుల పరిహార పాలసీ లేకుండా నిచ్చెన ఎక్కించొద్దు. చట్టం ప్రకారం వాళ్లు పడితే పరిహారం కట్టాల్సింది మీరే.

అనుమతుల విషయం. చెట్టు మీద కదా అని చట్టం కంటికి కనబడదనుకోకండి. తలుపు, కరెంటు, బాత్రూం వచ్చాయంటే అధికారి దాన్ని కట్టడంగానే చూస్తాడు. అనుమతి తెచ్చుకునే బాధ్యత స్థలం యజమానిదని రాయించుకోండి, కానీ మీరూ అడిగి కాగితం చూడండి. అడ్డొచ్చిందని పక్క చెట్టు కొట్టేయమంటారు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద సొంత స్థలంలో చెట్టుకైనా అనుమతి కావాలి. మొయినాబాద్, శంకర్‌పల్లి అంటే జంట జలాశయాల (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) పక్క ఊళ్లు. వాటి చుట్టుపక్కల కట్టడాలకు హద్దులు పెట్టిన 1996 నాటి జీవో 111 మీద గొడవ ఏళ్లుగా నడుస్తూనే ఉంది. స్థలం చెరువు ఎఫ్‌టీఎల్ (నిండు నీటి మట్టం)లోనో, దాని చుట్టూ వదలాల్సిన బఫర్‌లోనో ఉంటే, చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా 2024లో వచ్చాక సంగతి మీకు చెప్పనక్కర్లేదు. ముందు అడ్వాన్సు తీసుకుని తర్వాత మ్యాప్ చూడడం వద్దు.

మీ మూడు ఎంక్వయిరీలకు వద్దాం. శంకర్‌పల్లి జంట పని ఒప్పుకోండి, ఫీజు తీసుకుని చెట్టు చూశాక. 2021లో తెలంగాణ అంతా వేపచెట్లు కొసల నుంచి ఎండుకుంటూ వచ్చిన తెగులు గుర్తుంది కదా. చాలా వరకు మళ్లీ చిగిర్చాయి, కానీ ఈ చెట్టుకు ఎండు కొమ్మలు ఇంకా ఎన్ని ఉన్నాయో చూడండి. బరువు సగం బోల్టు మీద, సగం స్తంభాల మీద పడేలా ఇంజినీరును గీయమనండి.

స్కూలుకు గుల్‌మొహర్ మీద కట్టనని చెప్పేయండి. బదులుగా ఆ చెట్టు పడినా అందనంత దూరంలో, నాలుగు స్తంభాల మీద మంచెలాంటిది కడతానని చెప్పండి. నడుము దాటే ఎత్తు రెయిలింగు, కడ్డీల మధ్య పిల్లల తల పట్టనంత ఇరుకు, అంటే నాలుగు అంగుళాలకు తక్కువ. పిల్లలకు అది చెట్టా, స్తంభమా అన్న పట్టింపు ఉండదు, ఎక్కడానికి ఉంటే చాలు. ప్రిన్సిపాల్ గారికి ఉంటుంది, ఫొటో కోసం. ఆయన ఒప్పుకోకపోతే వదిలేయండి.

రిసార్టు ఇప్పుడు వద్దు. నాలుగు గదులు, రాత్రి బస, బాత్రూములు, రోజుకో కొత్త మనిషి. అటవీ భూమి హద్దు ఎక్కడుందో తెలీదు. రెండు ఇళ్లు నిలబెట్టి, ఒక వానాకాలం గడిచి, మీ తనిఖీలో మీకే ధైర్యం వచ్చాక చూద్దురు గాని.

మీ ఆవిడ ఏడాది ఆగమన్నది సరిగ్గా లెక్క వేసుకునే అని ఉంటుంది. వచ్చే దసరాకు మీ చేతిలో అడ్వాన్సు తీసుకున్న ఆర్డర్లు రెండు, బ్యాంకులో ఆరు నెలల ఇంటి ఖర్చు, మొయినాబాద్ ఇల్లు స్తంభాల మీద నిటారుగా ఉంటే రాజీనామా ఇవ్వండి. మాదాపూర్ దగ్గర న్యాక్ (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్)లో కట్టుబడి శిక్షణ ఉంటుంది, సిద్దిపేట జిల్లా ములుగులోని ఫారెస్ట్రీ కాలేజీలో చెట్ల గురించి చెప్పగలిగిన అధ్యాపకులుంటారు. ఈలోగా సెలవు రోజుల్లో రెండు చోట్లా మొహం చూపించి రండి. ఉద్యోగం మానేశాక కూడా మీ పాత కంపెనీతో చెడగొట్టుకోకండి. వానాకాలం నాలుగు నెలలూ కిచెన్ పనులు సబ్‌కాంట్రాక్టు ఇస్తారు. షెడ్డులో కూర్చుని తర్వాతి ఇంటి గోడల ప్యానెళ్లూ ముందే చేసి పెట్టుకోవచ్చు.

మామగారి మాటకు జవాబు చెప్పకండి. రిసార్టు బావమరిదికి మాత్రం ఈ రోజే చెప్పండి. మొహమాటమైతే, పేపర్లో ఆవిడెవరో వద్దందని నా మీద పెట్టేయండి.